ముప్ఫై పరీక్షలు: పారిస్‌లో పుట్టిన ప్రజ్ఞా మాపని

మనిషి తెలివిని కొలవాలని చేసిన తొలి ప్రయత్నాలు తెలివి జోలికి పోలేదు. కంటిచూపు, వినికిడి, చర్మస్పర్శ, పిడికిలి బిగువు దగ్గరే మొదలయ్యాయి. లోకజ్ఞానమంతా ఇంద్రియాల ద్వారానే లోపలికి చేరుతుంది కనుక, ఇంద్రియాలు చురుకైనవాడి బుద్ధీ చురుకుగా ఉంటుందని 19వ శతాబ్దం చివర్లో పేరున్న శాస్త్రజ్ఞులే నమ్మారు. ఆ నమ్మకంతో పెద్దఎత్తున కొలతలకు దిగిన మొదటివాడు ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. 1884లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య ప్రదర్శనలో ఆయన ఒక కొలతల ప్రయోగశాల తెరిచాడు. మూడు పెన్నీలు చెల్లించినవారికి ఎత్తు, బరువు, ఊపిరి బలం, గుద్దు వేగం, చూపు, వినికిడి, రంగుల గుర్తింపు లాంటివి వరసగా కొలిచి కార్డు మీద రాసి ఇచ్చేవారు. ప్రదర్శన ముగిసేసరికి 9,337 మంది అలా కొలిపించుకున్నారు. అంకెలు గుట్టలుగా పోగుపడ్డాయి. వాటిని బట్టి ఎవరు తెలివైనవారో, ఎవరు కారో చెప్పడం మాత్రం కుదరలేదు.

గాల్టన్ బాటలోనే నడిచిన అమెరికన్ జేమ్స్ మెకీన్ కాటెల్ 1890లో ‘మైండ్’ పత్రికలో పది పరీక్షల పట్టిక ప్రకటించాడు. పిడికిలి ఒత్తిడి ఎంత, చెయ్యి 50 సెంటీమీటర్ల దూరం ఎంత వేగంగా కదులుతుంది, నొప్పి పుట్టాలంటే ఎంత ఒత్తిడి కావాలి, చప్పుడు విన్నాక ఎంతసేపటికి స్పందిస్తారు, పది సెకన్లు గడిచాయని ఎప్పుడు అనుకుంటారు, ఒక్కసారి విన్న అక్షరాల్లో ఎన్ని గుర్తుంటాయి వంటివి ఆ పది. తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన విద్యార్థులకు ఏటేటా ఇలాంటి పరీక్షలు పెట్టించాడు. వాటి ఫలితాల మీద లెక్క తీసింది ఆయన శిష్యుడే. గాల్టన్ ఆలోచన నుంచే పుట్టిన సహసంబంధ గణితాన్ని ఉపయోగించి క్లార్క్ విస్లర్ 1901లో ఈ కొలతలను విద్యార్థుల మార్కులతో పోల్చి చూశాడు. ప్రతిచర్యా కాలానికీ చదువులో స్థానానికీ ఉన్న సంబంధం మైనస్ 0.02, అంటే లేనట్టే. లాటిన్ మార్కులకూ గ్రీకు మార్కులకూ మధ్య మాత్రం గట్టి సంబంధం కనిపించింది. పరీక్షల్లో ఒకదానికొకటైనా పొందిక లేదు. విస్లర్ ఆ తర్వాత మనస్తత్వశాస్త్రాన్నే వదిలి మానవశాస్త్రానికి వెళ్లిపోయాడు. ఇంద్రియాల దారి అక్కడితో మూసుకుపోయింది.

రెండో దారి తెరిచినవాడు పారిస్‌లో పనిచేస్తున్న ఆల్ఫ్రెడ్ బినే. బీఈడీ, డీఈడీ చదివిన తెలుగువారందరికీ ఆయన పేరు పాఠ్యపుస్తకంలో సైమన్ పేరుతో జతగా పరిచయమే. ‘1905, ప్రజ్ఞా మాపని’ అని ఒక్క ముక్కలో గుర్తుపెట్టుకుని పరీక్ష రాస్తారు. ఆ ఒక్క ముక్క వెనక ఇరవై ఏళ్ల తప్పటడుగులు ఉన్నాయి. వాటిని వదిలేస్తే మాపని అలాగే ఎందుకు తయారైందో అర్థం కాదు.

రెండుసార్లు చెయ్యి కాలిన మనిషి

బినే 1857లో నీస్ పట్టణంలో పుట్టాడు. న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకుని కూడా ఆ వృత్తిలోకి వెళ్లలేదు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనస్తత్వశాస్త్రం సొంతంగా చదువుకున్నాడు. గురువు దగ్గర క్రమంగా నేర్చుకున్న విద్య కాకపోవడంతో, 1880లలో సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో నాడీవైద్యుడు షార్కో కొలువులో చేరినప్పుడు అక్కడ చెప్పినదంతా ఆయనకు వేదవాక్కయింది. హిస్టీరియా రోగులను వశీకరణ నిద్రలోకి పంపి ప్రయోగాలు చేసే చోటు అది. అక్కడ షార్ల్ ఫెరే అనే సహచరుడితో కలిసి బినే ఒక వింత సంగతి ప్రకటించాడు. నిద్రలో ఉన్న రోగి కుడిచెయ్యి బిగుసుకుని ఉన్నప్పుడు దగ్గరకు అయస్కాంతం తెస్తే ఆ బిగువు ఎడమచేతికి మారుతుందట. అయస్కాంతంతో విచారాన్ని సంతోషంగా, ఇష్టాన్ని అయిష్టంగా కూడా తిప్పవచ్చట.

బెల్జియంలోని లియేజ్ నుంచి జోసెఫ్ డెల్‌బెఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఇదేమిటో చూద్దామని వచ్చాడు. అక్కడి ప్రయోగాలు ఆయనను దిగ్భ్రాంతికి గురిచేశాయి. పెద్ద లాడం ఆకారపు అయస్కాంతాన్ని రోగి కళ్లెదుటే తెచ్చిపెడుతున్నారు. ఇప్పుడు ఏం జరగబోతోందో ఆమె వింటూండగానే పైకి చర్చించుకుంటున్నారు. ఏం చెయ్యాలో రోగికి ముందే తెలిసిపోతోంది, ఆమె అదే చేస్తోంది. డెల్‌బెఫ్ తిరిగి వెళ్లి తన దగ్గర జాగ్రత్తగా అదే ప్రయోగం చేస్తే అయస్కాంతం ప్రభావం ఏమీ కనబడలేదు. బినే మొదట ఎదురుతిరిగి వాదించాడు. కొన్నేళ్ల తర్వాత, 1891 నాటికి, ఆ ఫలితాలు రోగుల మనసులో తాము నాటిన సూచనల నుంచి పుట్టినవేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. పేరు సంపాదించుకుంటున్న వయసులో అది చిన్న దెబ్బ కాదు. ప్రయోగం చేసేవాడి కోరిక ఫలితంలోకి ఎలా జారుతుందన్న ప్రశ్న ఆ రోజు నుంచి బినేను వదల్లేదు. సూచనకు లొంగే స్వభావం మీదే 1900లో ఒక పుస్తకం రాశాడు.

రెండో పాఠం పుర్రెలు నేర్పింది. మెదడు పరిమాణానికీ తెలివికీ సంబంధం ఉందని పాల్ బ్రోకా కాలం నుంచి ఫ్రాన్స్‌లో గట్టి అభిప్రాయం. సోర్బోన్ ప్రయోగశాల అధిపతిగా ఉంటూ తాను స్థాపించిన ‘లానే సికలోజిక్’ వార్షిక సంచికలో బినే కూడా 1898 నుంచి ఈ విషయం మీద వరసగా వ్యాసాలు రాశాడు. బడికి వెళ్లి, ఉపాధ్యాయులు అందరికన్నా తెలివైనవారని, అందరికన్నా వెనకబడినవారని ఎంచిన పిల్లల తలలు కొలిచాడు. తేడా చాలా చోట్ల ఒక మిల్లీమీటరు లోపే తేలింది. అంత చిన్న తేడా కొలిచేవాడి చేతిలోంచే రావచ్చు కదా అన్న అనుమానం వచ్చి, తన అనుమానాన్నే పరీక్షకు పెట్టాడు. ఆయనా, యువ వైద్యుడు థియోడర్ సైమన్‌ కలిసి ఒకే రోగుల తలలు విడివిడిగా కొలిచారు. కొలతలు కలవలేదు. కొలతలు తగ్గవచ్చన్న ఎదురుచూపుతో బినే ఆ తలలనే మళ్లీ కొలిచాడు. తన తొలి కొలతల కన్నా సగటున 3 మిల్లీమీటర్లు తక్కువ వచ్చాయి. తాను వెతుకుతున్న తేడా కన్నా తన చేతి పొరపాటే పెద్దది! దాన్ని ఆయన దాచలేదు, అచ్చువేశాడు. సొంత పక్షపాతాన్ని మిల్లీమీటర్లలో కొలిచి ప్రకటించడం ఆ కాలపు కొలతల శాస్త్రంలో బహు అరుదు. బినే చేసిన పనులన్నిటిలో అందుకు దక్కవలసిన గౌరవం ఇప్పటికీ దక్కలేదు.

ఇంట్లో ఇద్దరు కూతుళ్లు

ఆస్పత్రిలో దొరకని ఆధారం ఇంట్లో దొరికింది. మడలేన్, ఆలిస్ అని బినేకు ఇద్దరు కూతుళ్లు, మధ్య రెండేళ్ల తేడా. 1890 ప్రాంతంలో, ఇద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే, గాల్టన్ తరహా పరీక్షలు వాళ్ల మీద చేసి చూశాడు. రెండు గీతల్లో ఏది పొడవో చెప్పడంలో ఆ పసిపిల్లలు పెద్దలకు దాదాపు సమానంగా నిలిచారు. స్పందించే వేగంలో సగటున వెనకబడినా కొన్నిసార్లు పెద్దలంత చురుగ్గానే ఉన్నారు. మరి పెద్దవాడికీ పిల్లకీ తేడా ఎక్కడ? వస్తువు అంటే ఏమిటని అడిగినప్పుడు ఆ తేడా బయటపడింది. పిల్లలు దాని ఉపయోగం చెప్పి ఊరుకున్నారు. చాకు అంటే కోయడానికి. అది ఏ రకం వస్తువో, ఏ జాతిలోదో చెప్పే ఆలోచన వాళ్లకు ఇంకా రాలేదు. ఇంద్రియాల మీద పెట్టిన పరీక్ష పసిపాపనూ పెద్దవాడినే వేరు చేయలేకపోతే, ఇద్దరు పెద్దవాళ్లను ఏం వేరు చేస్తుంది? 1896లో విక్టర్ ఆన్రీతో కలిసి రాసిన వ్యాసంలో బినే ఈ మాటే గట్టిగా అన్నాడు. మనుషుల మధ్య తేడాలు జ్ఞాపకం, ఊహ, అవధానం, గ్రహణశక్తి వంటి పెద్ద పనుల్లో ఉంటాయి, వాటినే సూటిగా చూడాలి. కొలత కొంత మొరటుగా ఉన్నా ఫరవాలేదు.

పిల్లలు పెరిగాక ఆయన ఇంకా ముందుకు వెళ్లాడు. 1903లో వచ్చిన పుస్తకంలో కూతుళ్లిద్దరూ మార్గరీత్, ఆర్మాండ్ అనే మారుపేర్లతో కనిపిస్తారు. చెస్ట్‌నట్ ఆకు ఒకటి చేతికిచ్చి వర్ణించమంటే, పెద్దమ్మాయి ఈనెలు, రంగు, అంచులు పట్టి పట్టి చూసి వరసగా రాసింది. చిన్నమ్మాయి ఆకును కాసేపే చూసి, శరత్కాలం మీదికీ విషాదం మీదికీ ఊహను పోనిచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే పెంపకంలో పెరిగిన ఇద్దరి బుద్ధులు రెండు దారులు తొక్కాయి. వాళ్లిద్దరినీ ఒకే గీత మీద ముందూ వెనకా నిలబెట్టడం ఆ తండ్రికి అర్థం లేని పని. పదమూడేళ్ల తర్వాత అమెరికాలో ఆయన పేరుమీదే జరగబోయింది అలాంటి వరసలో నిలబెట్టడమే.

చట్టం తెచ్చిన అవసరం

ప్రయోగశాలలో నలుగుతున్న ఈ ఆలోచనను మాపనిగా మార్చింది బడి. 1881–82లో జూల్ ఫెర్రీ తెచ్చిన చట్టాలతో ఫ్రాన్స్‌లో ప్రాథమిక విద్య ఉచితమైంది, ఆరు నుంచి పదమూడేళ్ల వరకూ నిర్బంధమైంది. అంతకు ముందు బడి గడప తొక్కని పిల్లలంతా తరగతుల్లోకి వచ్చారు. అందరితో పాటు పాఠం అందుకోలేని పిల్లలు అప్పుడు లెక్కలోకి వచ్చారు. వాళ్లకోసం ప్రత్యేక తరగతులు కావాలని బినే పనిచేస్తున్న బాలల అధ్యయన సంఘం ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసింది. 1904లో లెయోన్ బూర్జువా అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. బినే అందులో సభ్యుడు. వైద్య, విద్యా పరీక్ష లేకుండా ఏ పిల్లవాడినీ మామూలు బడి నుంచి తప్పించరాదని సంఘం తీర్మానించింది. ఆ పరీక్ష ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

అసలు చిక్కు అక్కడే. అప్పటి వైద్యులు బుద్ధిమాంద్యాన్ని తీవ్రతను బట్టి మూడు మెట్లుగా విడదీసేవారు: ఇడియట్, ఇంబెసైల్, ఆ పైన డెబీల్. ఈనాడు తిట్లుగా మిగిలిన ఈ పేర్లు అప్పుడు రోగనిర్ధారణ పత్రాల్లో రాసేవి. కానీ ఏ మెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఏ ఇద్దరు వైద్యులకూ పొంతన లేదు. ఒకే పిల్లవాడికి కొద్ది రోజుల తేడాలో వేర్వేరు వైద్యులు వేర్వేరు పేర్లు రాసిన పత్రాలను బినే పోల్చి చూపించాడు. ఉపాధ్యాయులనే అడుగుదామంటే, అల్లరి పిల్లవాడిని వదిలించుకోవడానికి మందబుద్ధి అని రాసేవాళ్లుంటారు. తల్లిదండ్రుల్లో పరువు కోసం దాచేవాళ్లుంటారు. తప్పు ముద్ర పడితే ఆ పిల్లవాడి జీవితమంతా దాన్ని మోయాలి. బినే భయం ప్రధానంగా ఇదే. తేల్చిచెప్పే కొలబద్ద లేకపోతే నష్టపోయేది నోరులేని పిల్లలే.

1905 మాపని

సైమన్ అప్పటికి పారిస్ దగ్గర పెరే-వొక్లూజ్‌లో మందబుద్ధి పిల్లల ఆశ్రమంలో వైద్యుడిగా పనిచేసిన అనుభవం ఉన్నవాడు. ఆయన ద్వారా బినేకు అక్కడి పిల్లలు, వానే అనే ప్రధానోపాధ్యాయుడి ద్వారా గ్రాంజ్-ఓ-బెల్ వీధిలోని బడిపిల్లలు అందుబాటులోకి వచ్చారు. ఇద్దరూ కలిసి 1905 ‘లానే సికలోజిక్’లో 30 పరీక్షలతో తొలి మాపనిని ప్రచురించారు. సులువైనదాని నుంచి కష్టమైనదాని వరకూ ఒకే వరస.

మొదటి పరీక్షలో పిల్లవాడి కళ్లముందు వెలిగించిన అగ్గిపుల్లను అటూ ఇటూ కదిలిస్తారు, చూపు దాని వెంట తిరుగుతుందా అని చూస్తారు. నాలుగోదానిలో ఒక చిన్న చాక్లెట్ ముక్క, అదే పరిమాణంలో ఒక చెక్కముక్క ముందు పెడతారు, ఏది తినేదో పోల్చుకోవాలి. ఐదోదానిలో చాక్లెట్‌ను అతను చూస్తుండగానే కాగితంలో చుట్టి ఇస్తారు, విప్పి తింటాడా, కాగితంతో సహా నోట్లో పెట్టుకుంటాడా? అక్కడి నుంచి బొమ్మలో వస్తువుల పేర్లు చెప్పడం, మూడు అంకెలు విని తిరిగి చెప్పడం, రెండు బరువుల్లో ఏది ఎక్కువో తేల్చడం. ఈగకూ సీతాకోకచిలుకకూ, కాగితానికీ అట్టకూ తేడా ఏమిటి? ఒకేలా కనబడే అయిదు డబ్బాలు 3, 6, 9, 12, 15 గ్రాముల బరువుతో ఉంటాయి. చేత్తో తూచి క్రమంలో పెట్టాలి. ఆ తర్వాత వాటిలో ఒకటి రహస్యంగా తీసేస్తారు, ఏది పోయిందో కనిపెట్టాలి. చివరి పరీక్షల్లో నాలుగు మడతలు పెట్టిన కాగితంలో ఒక త్రికోణం కత్తిరిస్తే, విప్పినప్పుడు ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపాలి. ఆఖరిది, ముప్ఫయ్యోది: గౌరవానికీ ఆప్యాయతకూ భేదం చెప్పాలి.

ఈ వరసలో పాత అయస్కాంతం నేర్పిన పాఠం కూడా ఒక పరీక్షగా చేరింది. ముందు పొడవులు వేరైన గీతల జంటలు రెండు మూడు చూపించి, ఆ ఊపులోనే సమానమైన గీతల జంట పెట్టి ఏది పొడవని అడుగుతారు. బొమ్మలో ‘పటపూం’ ఎక్కడుందో చూపించమంటారు. అలాంటి వస్తువే లేదు, మాటే కల్పితం. పెద్దాయన అడిగాడు కదా అని ఏదో ఒకటి చూపిస్తాడా, లేదని చెప్పగలుగుతాడా అన్నదే అక్కడ పరీక్ష. సాల్పెట్రియేర్‌లో తామే చేసిన తప్పు ఇక్కడ పిల్లల మనసును తెలుసుకునే సాధనమైంది.

మూడు జాగ్రత్తలు ఈ మాపనిని అంతకు ముందున్నవాటి నుంచి వేరుచేస్తాయి. ఒకటి, చదవడం రాయడం రాకపోయినా చాలా పరీక్షలకు జవాబు ఇవ్వవచ్చు. పాఠం ఎంత వచ్చో వేరుగా చూడడానికి వానే తయారుచేసిన పట్టిక ఉంది. రెండు, దేన్ని కొలుస్తున్నారో వాళ్లకు స్పష్టత ఉంది. బినే దృష్టిలో తెలివికి మూలం నిర్ణయశక్తి, అంటే పరిస్థితిని సరిగ్గా అర్థం చేసుకుని తగినట్టు నడుచుకోవడం. కళ్లు, చెవులు లేకపోయినా హెలెన్ కెల్లర్ ఎంతో తెలివైనదని ఆయన గుర్తుచేశాడు. మూడు, పరీక్షించే తీరు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక పిల్లవాడు, ఒక పరీక్షకుడు మాత్రమే ఉండాలి. బెదరకుండా దగ్గరికి తీసుకోవాలి, ప్రోత్సహించాలి, జవాబు అందించకూడదు. తలలు కొలుస్తూ తన చేతినే అనుమానించిన మనిషి పరీక్షకుడి నోటిని కూడా అదుపులో పెట్టాడు.

అంతా చేసినా 1905 మాపని తొలి చిత్తుప్రతి లాంటిదే. మామూలు పిల్లల్లో ఏభై మందిని మాత్రమే చూసి తయారుచేశారు. వయసుతో నేరుగా ముడి పడలేదు. ఆ ముడి 1908లో పడింది.

వయసుతో ముడి

1908 సవరణలో పరీక్షలను మూడేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా వయసుల వారీగా సర్దారు. ఏ పరీక్షనైనా ఒక వయసు పిల్లల్లో అత్యధికులు నెగ్గితే అది ఆ వయసుకు చెందినది. మూడేళ్ల పిల్ల ముక్కు, కళ్లు, నోరు ఎక్కడో చూపించాలి, ఇంటిపేరు చెప్పాలి. నాలుగేళ్లవాడు తాను ఆడో మగో చెప్పాలి, తాళంచెవినీ చాకునూ చూపిస్తే పేర్లు చెప్పాలి. అయిదేళ్లవాడు నాలుగు నాణేలు లెక్కపెట్టాలి, చదరం చూసి గీయాలి. పెద్దపిల్లలకు పొసగని మాటలు వినిపించి అందులో తప్పు పట్టమనేవారు. తనకు ముగ్గురు అన్నదమ్ములని చెబుతూ ఆ ముగ్గురిలో తననూ కలుపుకున్న పిల్లవాడి మాట అందులో ఒకటి. పద్దెనిమిది ముక్కలైన శవం దొరికితే ఆత్మహత్య అని జనం అనుకుంటున్నారన్నది ఇంకొకటి. అంత భయానక దృశ్యం పిల్లల ముందు ఎందుకు పెట్టారని ఈనాటి పాఠకుడికి అనిపించక మానదు.

పిల్లవాడు ఏ వయసు పరీక్షల్లో ఒక్కటి తప్ప అన్నీ నెగ్గితే అది అతని మానసిక స్థాయి. ఆ పైన నెగ్గిన ప్రతి అయిదింటికీ మరో ఏడాది కలుపుతారు. ఎనిమిదేళ్లవాడు ఆరేళ్ల స్థాయిలో తేలితే రెండేళ్లు వెనకబడినట్టు. ఈ పద్ధతి తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఇట్టే అర్థమైంది. మాపని లోకమంతా పాకడానికి ఆ సులువు సగం కారణం. మొత్తం 203 మంది పిల్లలను పరీక్షిస్తే 103 మంది వయసుకు సరిపోయారు, 44 మంది ముందున్నారు, 56 మంది వెనకబడ్డారు.

బ్రసెల్స్‌లో ఒవిడ్ డెక్రోలీ తన సహచరురాలితో కలిసి ఇవే పరీక్షలు పెట్టినప్పుడు అక్కడి పిల్లలు పారిస్ పిల్లల కన్నా సుమారు ఏడాదిన్నర ముందున్నారు. బెల్జియం పిల్లలకు అంత తెలివి ఎక్కడిది? బ్రసెల్స్ బడిలో చదివేది కలిగినవారి పిల్లలు, బినే చూసినవారు పారిస్ పేద వాడల పిల్లలు. బినే ఈ తేడాను కొట్టిపారెయ్యలేదు. ఏయే పరీక్షల్లో అంతరం పెద్దదో వెతికితే, భాషతో ముడిపడినవే ముందు కనబడ్డాయి. ఇంట్లో వినబడే మాటల సంపద పిల్లవాడి ‘స్థాయి’ని ఏడాదికి పైగా జరపగలదని 1911 నాటికే లెక్కల్లో తేలిపోయింది. తర్వాతి తరం కొలతగాళ్లు ఈ ఒక్క ఫలితాన్ని మనసుకు పట్టించుకుని ఉంటే ఎన్నో అన్యాయాలు తప్పేవి. 1911 సవరణలో బినే బడిచదువు మీద మరీ ఆధారపడిన పరీక్షలను తీసేశాడు, ఒక్క నాలుగేళ్ల స్థాయికి తప్ప ప్రతి స్థాయికీ అయిదేసి పరీక్షలు ఉంచాడు.

మాపని ఏం చెప్పగలదో దానికి హద్దు కూడా ఆయనే గీశాడు. పొడవును కొలిచినట్టు తెలివిని కొలవడం కుదరదు. ఇది పిల్లలను వరసలో పెట్టే ఉపాయం మాత్రమే. ఈరోజు తేలిన స్థాయి రేపటికి తీర్పు కాదు. 1909లో పిల్లల గురించి రాసిన పుస్తకంలో, తెలివి పుట్టుకతో గిరిగీసినదని, పెంచలేనిదని చెప్పేవారి మీద ఆయన కోపంగానే విరుచుకుపడ్డాడు. ప్రత్యేక తరగతుల్లో ‘మానసిక వ్యాయామం’ పేరుతో కొన్ని పద్ధతులు పెట్టించాడు. పిల్లలంతా విగ్రహాల్లా కదలకుండా నిలబడే ఆట అందులో ఒకటి. కాసేపు చూపించి తీసేసిన వస్తువుల పేర్లు రాయించడం మరొకటి. పాఠానికి ముందు అవధానం, ఓపిక అలవడాలన్నది ఉద్దేశం. మాపని వెనకబడిన పిల్లలను వెతికి పట్టేది, ఈ వ్యాయామం వాళ్లను లేపి నిలబెట్టేది. బినే మనసులో ఈ రెండూ ఒకే పని.

1911 అక్టోబర్ 18న, 54 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు. ఫ్రాన్స్‌లో ప్రొఫెసర్ పీఠం ఏనాడూ దక్కలేదు. ప్రత్యేక తరగతులకు 1909లో చట్టం వచ్చినా మాపనిని తప్పనిసరి చెయ్యలేదు. సొంత దేశం పెద్దగా పట్టించుకోని ఆ పనిని అట్లాంటిక్ అవతలి వాళ్లు ఎత్తుకున్నారు.

సముద్రం దాటాక

న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్‌లో మందబుద్ధి పిల్లల శిక్షణ పాఠశాల పరిశోధనాధిపతి హెన్రీ గొడార్డ్ 1908లో యూరప్ యాత్రలో ఈ మాపనిని చూశాడు. అమెరికాకు తెచ్చి అనువదించాడు, మొదట తన ఆశ్రమంలో 400 మందికి, తర్వాత మామూలు బడుల్లో దాదాపు 2,000 మందికి పరీక్షలు పెట్టాడు. 1915 నాటికి 22,000 ప్రతులు, 88,000 జవాబు పత్రాలు పంచిపెట్టాడు. మాపని పనిచేస్తుందని నిరూపించినవాడు ఆయనే. దాని వెనక ఉన్న ఆలోచనను తలకిందులు చేసినవాడూ ఆయనే. తెలివి ఒకే ఒక శక్తి, అది తల్లిదండ్రుల నుంచి మాత్రమే వస్తుంది, పెంపకంతో మారదని గొడార్డ్ గట్టిగా నమ్మాడు. మానసిక స్థాయి ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య తేలినవారికి 1910లో ‘మోరాన్’ అనే కొత్త పేరు పెట్టి, పైకి మామూలుగా కనిపించే వీళ్లే సమాజానికి ప్రమాదమని, పిల్లలను కననివ్వరాదని ప్రచారం చేశాడు.

1912లో జర్మన్ మనస్తత్వవేత్త విలియం స్టెర్న్ ఒక చిన్న సవరణ సూచించాడు. నాలుగేళ్ల స్థాయిలో ఉన్న ఆరేళ్లవాడూ, పదేళ్ల స్థాయిలో ఉన్న పన్నెండేళ్లవాడూ ఇద్దరూ రెండేళ్లే వెనకబడ్డారు. కానీ మొదటివాడి వెనకబాటు ఎంతో పెద్దది. కాబట్టి తీసివేత బదులు, మానసిక స్థాయిని అసలు వయసుతో భాగించాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లూయిస్ టెర్మన్ దాన్ని 100తో హెచ్చవేసి, ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) పేరుతో 1916లో తన సవరణ మాపనితో పాటు ప్రకటించాడు. మొదటి పిల్లవాడి ప్రజ్ఞాలబ్ధి 67, రెండోవాడిది 83. గణితం దృష్ట్యా ఇది మెరుగైన పద్ధతే. కానీ ‘ఈ పిల్లవాడు ఇప్పుడు నాలుగేళ్లవాడిలా జవాబు చెబుతున్నాడు’ అన్న మాటలో వయసు పెరిగేకొద్దీ స్థాయీ పెరుగుతుందన్న సంగతి ఇమిడి ఉంది. 67 అన్న అంకెలో అది లేదు. అది జీవితాంతం వెంటవచ్చే గుర్తుగా చదువరుల మనసులో స్థిరపడిపోయింది. టెర్మన్ కూడా దాన్ని అలాగే చదవమన్నాడు. బినే పోయాక మరో అర్ధశతాబ్దం బతికిన సైమన్ ఈ లబ్ధి అన్నదాన్ని తమ మాపని లక్ష్యానికి చేసిన ద్రోహంగానే చూశాడు.

ఆ ద్రోహం ఎంతదూరం వెళ్లిందో వర్జీనియా రాష్ట్రంలో తెలిసింది. మందబుద్ధులని ముద్రపడినవారికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసే చట్టం అక్కడ 1924లో వచ్చింది. దాని కింద మొదట ఎంచిన క్యారీ బక్ అనే యువతి మానసిక వయసు తొమ్మిదేళ్లని, ఆమె తల్లి ఎమ్మాది ఎనిమిదేళ్ల లోపని పరీక్షల అంకెలు కోర్టులో పెట్టారు. 1927 మే 2న అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల మెజారిటీతో ఆ చట్టాన్ని సమర్థించింది. అదే ఏడాది క్యారీకి శస్త్రచికిత్స జరిగింది. క్యారీ మందబుద్ధి కాదని, ఆమె బిడ్డ బడిలో మామూలుగానే చదివిందని తర్వాతి పరిశోధకులు తేల్చారు. వెనకబడిన పిల్లవాడికి తరగతి గదిలో చోటు దొరకాలని పారిస్‌లో రాసుకున్న ప్రశ్నలు ఒక స్త్రీని తల్లి కాకుండా చేయడానికి సాక్ష్యమయ్యాయి. ప్రశ్నలు దాదాపు అవే. మారింది వాటిని అడుగుతున్న ఉద్దేశం.

భారతదేశానికి మాపని 1920లలో చేరింది. లాహోర్‌లోని ఫోర్మన్ క్రిస్టియన్ కళాశాలలో పనిచేసిన సి. హెర్బర్ట్ రైస్ దాన్ని హిందుస్తానీలోకి మలిచి 1929లో పుస్తకంగా ప్రచురించాడు. 1930లలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకోసం టెర్మన్ ప్రతిని సవరించాడు. నాణేలు, బొమ్మలు, సామెతలు, వాక్యాల నిడివి అన్నీ స్థానికంగా మళ్లీ ఏర్చుకుని, ఏ వయసు పిల్లలు ఏది చెప్పగలరో మొదటి నుంచి చూసుకోవలసిన పని అది. పారిస్ ప్రమాణాన్ని యథాతథంగా దిగుమతి చేసుకుంటే ధార్వాడ పిల్లవాడు అకారణంగా మందబుద్ధి అయ్యేవాడు. ఆ సవరణ ‘బినే–కామత్ పరీక్ష’ పేరుతో నిలిచింది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక విద్య, ప్రభుత్వ సాయం అందడానికి అవసరమైన నిర్ధారణలో మన దేశపు ఆస్పత్రులు చాలాకాలంగా దాన్ని వాడుతున్నాయి.

మళ్లీ అమెరికాకు వస్తే, 1917 దాకా మాపని ఎక్కడికి వెళ్లినా ఒక పిల్లవాడు, ఎదురుగా ఒక పరీక్షకుడు అన్న పద్ధతి మాత్రం చెదరలేదు. ఆ ఏడాది అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. రాబర్ట్ యెర్క్స్ నాయకత్వంలో టెర్మన్, గొడార్డ్ తదితరులు వైన్‌లాండ్‌లోనే సమావేశమై, గది నిండా సైనికులను కూర్చోబెట్టి ఒకేసారి రాయించే పరీక్షలు తయారుచేశారు. చదువు వచ్చినవారికి ఆల్ఫా, రానివారికి బీటా. దాదాపు 17 లక్షల మంది ఆ పరీక్షలు రాశారు.